ఎవరింటికొచ్చావు?

మా కోయగూడెంలో కొత్త మనిషి అడుగుపెడితే పెద్దవాళ్ళు మొదట అడిగేది ఒకటే మాట: "ఎవరింటికొచ్చావు?" పేరూ పనీ తర్వాత. ఇల్లు చెప్పగలిగినవాడు చుట్టం. చెప్పలేనివాడికీ నీళ్ళిస్తారు గానీ, ఒక కన్ను వాడి మీదే ఉంచుతారు. ఆ ప్రశ్న బరువు నాకు తెలిసింది మాత్రం కెనడా ఉత్తరాన, యూకాన్ నది ఒడ్డునున్న డాసన్ సిటీలో.

అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు వేసవిలో తీసుకెళ్ళాడు. వైట్‌హార్స్ నుంచి అయిదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. క్లోండైక్ నది యూకాన్‌లో కలిసే చోట చిన్న ఊరు, జనం రెండు వేల లోపే. నేల అడుగున ఏడాది పొడుగునా కరగని మంచు. ఇళ్ళలోని వేడికి అది మెత్తబడి కొన్ని పాత చెక్క ఇళ్ళు ఒకదానిమీదికొకటి ఒరిగిపోయాయి. రాత్రి పదకొండయినా వెలుతురే.

1896 ఆగస్టులో ఇక్కడి వాగులో బంగారం దొరికింది. 1898 నాటికి ఊళ్ళో దాదాపు ముప్పై వేల మంది చేరారు. తర్వాత యంత్రాలు లోయను తిరగేసి పోసిన గులకరాళ్ళ గుట్టలు ఇప్పటికీ మైళ్ళ పొడుగున ఉన్నాయి. వచ్చినవాళ్ళు సరదాగా పళ్ళెంలో ఇసుక కడుగుతారు. నేనూ కడిగాను. రవ్వంత మెరుపు కనబడితే చిన్నపిల్లాడిలా కేకవేశాను.

మర్నాడు నది ఒడ్డున అక్కడి ఆదివాసులు కట్టుకున్న సాంస్కృతిక కేంద్రానికి వెళ్ళాం. వాళ్ళు ట్రోండెక్ హ్వెచిన్ జనం. 'క్లోండైక్' అన్నది వాళ్ళ 'ట్రోండెక్' మాటే, కొత్తవాళ్ళ నోట నలిగి అలా మారింది. సాల్మన్ చేపల కోసం నదిలో గుంజలు దిగ్గొట్టే రాయి పేరు మీద వచ్చిన పేరది. రెండు నదులు కలిసే చోట ఉన్న ట్రోచెక్ వాళ్ళ చేపల మకాం. బంగారం కోసం వచ్చినవాళ్ళు దాన్ని ఆక్రమించారు. 1897లో వాళ్ళ నాయకుడు చీఫ్ ఐజాక్ తన జనాన్ని అయిదు కిలోమీటర్ల దిగువనున్న మూస్‌హైడ్‌కు తరలించాడు.

అది తెలిశాక నిన్న వేసిన కేక గుర్తొచ్చి సిగ్గేసింది. నేనేం దోచుకున్నాను, డబ్బిచ్చి చూశాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పైగా నేనూ ఆదివాసినే, ఊళ్ళు ఖాళీ చేయించడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. అయినా ఆ పళ్ళెం పట్టుకున్న చెయ్యి నాదే. సొంత ఊళ్ళో దెబ్బతిన్నంత మాత్రాన పరాయి ఊళ్ళో తప్పు మాఫీ అయిపోదు. అడగకుండా అడుగుపెట్టే తప్పు ఎవడైనా చేయగలడు. తెలియకపోవడం తప్పు కాదంటారు. కానీ అడిగితే తెలిసేదాన్ని అడగకపోవడం తప్పే.

చీఫ్ ఐజాక్ చేసిన ఇంకో పని నన్ను వదలడం లేదు. ఈ గందరగోళంలో తమ పాటలూ ఆటలూ ఎక్కడ పోతాయోనని, వాటిని అలాస్కాలోని బంధుజనానికి అప్పగించాడు. వాళ్ళు దశాబ్దాల పాటు కాపాడారు. మనవల కాలంలో ఆ పాటలు తిరిగి ఇల్లు చేరాయి. ఒకే నేలనుంచి ఒకరు బంగారం పట్టుకుపోయారు, ఇంకొకరు పాటలు పట్టుకుపోయారు. పట్టుకుపోయినది ఎవరి కోసమన్నదే ఇద్దరికీ తేడా. చుట్టానికీ దొంగకూ మధ్య గీత అక్కడే ఉందనుకుంటాను.

1998లో వాళ్ళ భూమి హక్కుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ట్రోచెక్ మళ్ళీ వాళ్ళదైంది. కానీ నదిలో చేప తగ్గిపోయింది. చినూక్ సాల్మన్‌ను ఏడేళ్ళు పట్టకూడదని 2024లో కెనడా, అలాస్కా ఒప్పుకున్నాయి. ఇంటివాళ్ళే కడుపు కట్టుకున్న చోట వచ్చినవాడు ఏం తిన్నానో, ఏం కొన్నానో లెక్క చూసుకోవాలి.

పాపికొండల దగ్గర మన గోదావరి మీదా లాంచీల్లో జనం వస్తారు. ఫొటోలు తీసుకుంటారు, బొంగు చికెన్ తింటారు, పోతారు. ఇన్నాళ్ళూ వాళ్ళను చూసి విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు లాంచీ దిగినవాణ్ణి పలకరించి అడుగుతున్నాను, "ఎవరింటికొచ్చావు బాబూ?" అని. కొందరు నవ్వేసి వెళ్ళిపోతారు. ఒకరిద్దరు ఆగి, "ఇది ఎవరి ఊరు తాతా?" అంటారు. వాళ్ళకు అరుగు మీద చోటిస్తాను.