అరువు గాయం

అమెరికన్ గీక్ రాక్‌లో హీరో సాధారణంగా ఓడిపోయినవాడే. 1994లో వచ్చిన వీజర్ తొలి ఆల్బమ్‌లో ‘ఇన్ ది గరాజ్’ అనే పాటుంది. కామిక్స్, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, గోడ మీద కిస్ బ్యాండ్ పోస్టర్లు... బయట నవ్వులపాలయ్యే ఇష్టాలన్నీ ఆ కారు షెడ్డులో భద్రంగా ఉంటాయి. ఎగతాళి పడ్డ పిల్లాడి ఆత్మగౌరవమే ఆ పాటకి బలం.

మరి అదే పాట మనం పాడొచ్చా?

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా లెక్కలొచ్చిన గుంటడు ఇంటిల్లిపాదికీ ముద్దు. ర్యాంకొస్తే వాడి ఫొటో ఫ్లెక్సీ ఎక్కుతుంది. ఇక్కడ నవ్వులపాలైంది యాస. సినిమాల్లో ‘ఏటి’ అనేవాడికి చాలాసార్లు దక్కేది కామెడీ వేషమే. ఇంజనీరింగ్ డిగ్రీ, సాఫ్ట్‌వేర్ జీతం ఉన్న నాలాంటివాడు ‘లోకం నన్ను అర్థం చేసుకోలేదు’ అని గిటార్ పట్టుకుంటే, ఆ గాయం అరువు తెచ్చుకున్నదే. పైగా అది ప్రమాదం కూడా. బాధితుణ్ణి అనుకునేవాడికి తను ఎవరిని చిన్నబుచ్చుతున్నాడో కనబడదు. ‘ఆ సిరీస్ చూడలేదా? లినక్స్ తెలీదా?’ అని అడిగే గొంతు, ఒకప్పుడు స్కూల్లో కళ్లజోడు పిల్లాణ్ణి ఏడిపించిన గొంతే.

గాయం తీసేస్తే గీక్ పాటలో మిగిలేది ఇష్టం. దే మైట్ బి జెయింట్స్ 1993లో సూర్యుడి గురించి ఒక పాత పిల్లల పాటని మళ్లీ పాడారు. అందులో సూర్యుడు మండే వాయువు. 2009లో పిల్లల కోసమే చేసిన సైన్స్ ఆల్బమ్‌లో, అది వాయువు కాదు, ప్లాస్మా అని దిద్దుతూ ఇంకో పాట కట్టారు. సైన్స్ రానివాణ్ణి వెక్కిరించలేదు, కూర్చోబెట్టి చెప్పారు.

ఈ రకం పిచ్చి మనకి కొత్త కాదు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు తొంభై రాగాలతో ఒకే రచన చేశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చారు. అచ్చతెలుగు ఖయ్యాం కావాలని ఎవరడిగారు? ఇంత పాండిత్యం ఉన్న మనిషి కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పారు. తాళం లెక్క తెలియనివాడు కూడా కథ కోసం వచ్చి కూర్చునే చోటు అది.

పార్వతీపురం దగ్గర పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు. యంత్రం ఎట్లా నడుస్తోందో చెప్పే పాట ఆయనకుంది. టెక్నాలజీ ప్రేమికుడు ఇంజన్ గురించి చెబుతాడేమో అనుకుంటాడు. వంగపండు కూలివాడి కండని చూపిస్తారు. నవ్వులపాలైన ఆ యాసే ఆయన పాటలకి ఊపిరి.

ఇద్దరిలో ఎవరూ గీక్ అనే మాట విని ఉండక్కర్లేదు. కానీ నాకు రెండు ప్రశ్నలు మిగిల్చారు. నాకు తెలిసింది తెలియనివాడు నా పక్కన కూర్చోగలడా? నేను మురిసిపోతున్న యంత్రం ఎవరి కష్టంతో నడుస్తోంది? ఈ రెండూ అడగని గీక్ పాట ర్యాంకుల ఫ్లెక్సీకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌గా బాగానే పనికొస్తుంది.