ఒడ్డెక్కిన పుట్టి

సంసారమును సాగరముతోను జ్ఞానమును నావతోను పోల్చుట మన వేదాంతులకు చిరకాలపు అలవాటు. గీత నాలుగవ యధ్యాయమందు జ్ఞానమను తెప్పతో పాపసముద్రమును దాటవచ్చునని భగవానుడే యర్జునునకు అభయమిచ్చెను. అయితే ఈ పోలికలో భయమంతయు నీటిమీదిదే. ఒడ్డుకు లాగి విడిచిన పడవ గతి యేమగునన్న ప్రశ్న మఠములలో కంటె బెస్తల వాకిళ్లలోనే యెక్కువగా వినబడును.

కర్నూలు, కడప సీమలలో పడవలేమిటని నవ్వుటకు వీలులేదు. సుంకేసులవద్ద తుంగభద్రను విడిచి కడపవైపు సాగు కె.సి. కాలువను పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించినది పంటలకే కాదు, పడవల రాకపోకలకును. అది గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వపరమైనది. శ్రీశైలము జలాశయములో చేపలు పట్టువారి పుట్టి వెదురుబద్దల గుండ్రని అల్లిక. పూర్వము దానికి తోలు తొడిగెడివారు, ఇప్పుడు పట్టా చుట్టి తారు పూయుచున్నారు.

వేసవిలో నీరు తగ్గగా పుట్టి ఒడ్డెక్కును. మే నెల యెండలో బూజు బ్రతుకదు. చిక్కంతయు తొలకరి తరువాతి ఉక్కతోనే. పైన బిగించి కప్పినచో, అడుగున మిగిలిన చెంబెడు నీరు పగటి వేడికి ఆవిరియై, పోవుటకు దారిలేక, రాత్రి మరల చెమ్మయై వెదురు కణుపులను పట్టుకొనును. కొన్నాళ్లకు కణుపుల చుట్టు బూడిదరంగు నూగు, కప్పు తీయగానే ముక్కవాసన. తెలిసినవాడు మట్టిని, చేపపొలుసును మిగులనీయక కడిగి, బాగుగా ఆరనిచ్చి, రాళ్లమీద బోర్లించి, క్రిందినుండి గాలి యాడునట్లు ఎత్తిపెట్టును. వానకు పైన కప్పు వేసినను ప్రక్కలు మూయడు.

ఇదే జలాశయమున, ముచ్చుమర్రి సమీపమందు, సంగమేశ్వరుడు కలడు. శ్రీశైలము ఆనకట్ట వచ్చిన నాటినుండి ఆ యాలయము సంవత్సరములో అధికభాగము నీట మునిగి, వేసవి దినములకు బయటపడుచుండును. లోపలి లింగము వేపకఱ్ఱ; ధర్మరాజు ప్రతిష్ఠయని స్థలపురాణము. అన్ని మాసములు కృష్ణలో నున్నను అది చెడకుండుట మహిమయని భక్తులందురు. కఱ్ఱను కుళ్లించు శిలీంధ్రమునకు చెమ్మతోపాటు గాలియు కావలెననియు, నీట పూర్తిగా మునిగిన దారువునకు గాలి యందదనియు శాస్త్రజ్ఞులందురు. ఈ రెండు మాటలకు నాకు వైరము కనబడదు. ఏటేట మునిగి తేలు కఱ్ఱకు ఆ నడిమి కాలమే గండము. దానిని దాటించుటలో వేప చేదు కొంత, అర్చకుల శ్రద్ధ కొంత తోడై యుండవచ్చును.

మనుష్యునకును నడిమి స్థితియే గండమని నా తలంపు. సంసారములో నిండుగా మునిగిన రైతునందు కోపము చూచితిని, దుఃఖము చూచితిని, ముక్కవాసన చూడలేదు. నిజమైన విరాగియందును లేదు. అంగడిని కొడుకులకు అప్పగించి, తాళపుచెవులు మాత్రము మొలను దోపుకొని, జపమాల త్రిప్పుచు గల్లాపెట్టె చప్పుడునకు చెవి యొగ్గువానియందే అది కలదు. గీత మూడవ యధ్యాయము ఇట్టివానిని మిథ్యాచారుడన్నది. ఆ మాట కఠినము. అతడు మోసగాడు కాడు, చెంబెడు కోరికను తోడివేయకయే తలుపు బిగించుకొన్నవాడు, అంతే.

బనగానపల్లెలో పసులు కాచుచు రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెనని ప్రతీతి గల వీరబ్రహ్మము, కందిమల్లాయపల్లెలో ఆలుబిడ్డలతో కాపురము చేయుచునే యోగియై యుండెను. సగము సంసారము, సగము యోగము: నా లెక్క ప్రకారము బూజు పట్టవలసిన స్థితియే. కాని ఆ యింటికి శిష్యులై దూదేకుల సిద్ధయ్య వచ్చెను, కక్కయ్య వచ్చెను. వారి ప్రశ్నలకు ఆయన సమాధానము చెప్పుచునే యుండెను.