నిద్రపోయేటప్పుడెట్ల?

పెద్దమండ్యం వైపు మెట్ట పొలాలకు శెనక్కాయే ఆధారం. విత్తనం కాయలు చేత్తోనే వొలవాలి. మిషనుకు వేస్తే పప్పు బద్దలవుతుంది, బద్దలైనది మొలవదు. నా చిన్నతనంలో తొలకరికి ముందు మా వసారా నిండా కాయలు వొలిచే ఆడవాళ్ళే. కూలి శేరు లెక్కన. వాళ్ళలో ఒక కిరస్తానీ అవ్వ ఉండేది. చేతులు కాయలు చిట్లిస్తూ ఉంటే పెదవులు కదులుతూ ఉండేవి, శబ్దం మాత్రం వచ్చేది కాదు. మేక వచ్చి గంపలో మూతి పెడితే దాన్ని నాలుగు తిట్లు తిట్టి, ఆపినచోట మళ్ళీ అందుకునేది.

"ఏంది అవ్వా, నీలో నువ్వే మాట్లాడుకుంటా ఉండావు?"

"ప్రార్థన నాయనా. ఎప్పుడూ చేస్తానే ఉండమన్నారు గదా."

"ఎప్పుడూనా? మరి నిద్రపోయేటప్పుడెట్ల?"

పెద్దవాళ్ళను ఇరుకున పెట్టడంలో ఉన్న ఆనందం ఆ వయసులో మరి దేన్లోనూ ఉండదు. అవ్వ నవ్వేసి, వొలిచిన పప్పు కొలిపించుకోవడానికి లేచి పోయింది. జవాబు బాకీ పడింది.

నా ప్రశ్న కొత్తదేమీ కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. క్రీస్తుశకం 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి ఉత్తరం చివర్లో, ఆపకుండా ప్రార్థన చేస్తూ ఉండమని ముక్తసరిగా ఒక మాట అనేసి ముందుకు సాగిపోయాడు. ఎలా చేయాలో చెప్పలేదు. ఆయనేమో గుడారాలు కుట్టి బతికిన మనిషి. ఎవరికీ బరువు కాకూడదని రాత్రనక పగలనక పని చేశానని అదే ఉత్తరంలో చెప్పుకున్నాడు కూడా. పని మానేసి కూర్చోమని అలాంటివాడు చెబుతాడా?

అలా అర్థం చేసుకున్నవాళ్ళూ లేకపోలేదు. వెనకటికి ఈజిప్టులో లూకియస్ అనే సన్యాసి దగ్గరికి కొందరు వచ్చారట. మేం చేతిపని ముట్టం, ఎడతెగక ప్రార్థిస్తూనే ఉంటాం అన్నారు. భోంచేయరా అని అడిగాడాయన. చేస్తామన్నారు. నిద్రపోరా? పోతామన్నారు. ఆ వేళల్లో మీ ప్రార్థన ఎవరు చేస్తున్నారని అడిగేసరికి వాళ్ళ దగ్గర మాట లేదు. అప్పుడాయన తన సంగతి చెప్పాడు. తాటాకు నానబెట్టుకుని, తాడు పేనుతూ ప్రార్థిస్తాడు. తాళ్ళు అమ్మితే పదహారు కాసులొస్తాయి. రెండు కాసులు గుమ్మం దగ్గర పెట్టి, మిగిలినవాటితో తిండి తింటాడు. ఆ రెండూ తీసుకున్నవాడు, తాను తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ తన కోసం ప్రార్థిస్తాడు. అలా తనది ఎడతెగకుండా సాగుతోందన్నాడు.

డబ్బిచ్చి ఇంకొకరి చేత అర్చన చేయించుకోవడం లాంటిదే గదా ఇదీ, అనిపించవచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది. కానీ చూడండి, ఆ కాసులు ఎవరు తీసుకున్నారో ఆయన కనిపెట్టుకుని కూర్చోడు, రశీదు అడగడు. తన చేత కాని వేళలు కొన్ని ఉన్నాయని ఒప్పుకుని, వాటిని ముక్కూ మొహం తెలియని బీదవాడి చేతిలో పెట్టి నిద్రపోతాడు. ఒప్పుకోవడమే కష్టం. మనలో చాలామందికి దేవుడి ముందు కూడా అన్నీ సొంతంగానే చక్కబెట్టుకోవాలని ఉంటుంది.

ఇంకొక సంగతి. పౌలు ఆ మాట అన్నది సంఘానికి. గ్రీకులో అది బహువచనం. మన తెలుగులో వచ్చిన చిక్కేమిటంటే, "మీరు" అంటే పదిమందీ కావచ్చు, గౌరవించదగిన ఒక్కరూ కావచ్చు. చదివేవాడు ఒంటరిగా కూర్చుని చదువుతాడు గనక ఆ "మీరు" తానే అనుకుని బెంబేలెత్తిపోతాడు. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్ళో 1727లో 24 మంది మగవాళ్ళు, 24 మంది ఆడవాళ్ళు రోజులోని గంటలు వంతులు పంచుకుని మొదలుపెట్టిన ప్రార్థన నూరేళ్ళకు పైగా నడిచింది. మన చర్చీల్లో గొలుసు ప్రార్థన అదే పద్ధతి. ఆ మాటకొస్తే, మన ఊళ్ళల్లో ఏకాహం భజన మాత్రం? ఒక జట్టు గొంతు బొంగురుపోయే వేళకి ఇంకో జట్టు వచ్చి తాళాలందుకుంటుంది. పాట మాత్రం ఆగదు.

అవ్వ బాకీ తీర్చింది మరుసటి ఏడాది. అప్పటికి ఆమె కొడుకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఉన్నాడు. 1912లో క్షయరోగుల కోసం మిషన్ల వాళ్ళు మొదలుపెట్టిన శానిటోరియం అది. జబ్బు తగ్గేదాకా నెలల తరబడి మంచం మీదే. అవ్వ వెళ్ళి చూసొచ్చి, మర్నాడు యథాప్రకారం కాయల ముందు కూర్చుంది. కానీ ఆ రోజు పెదవులు కదలడం లేదు.

"వాడికి ప్రార్థన రాలేదంట నాయనా," అంది ఉన్నట్టుండి. "నోరు తెరిస్తే దగ్గు. దేవుడు కోపం చేస్తాడేమో అని ఏడ్చినాడు. ఎందుకేడుస్తావురా, నువ్వు పండుకో, నీ వంతు మేం చేస్తాం అని చెప్పొచ్చినా."

"నువ్వు నిద్రపోతే?"

పోయినేడు అడిగిందే అడిగానని ఆమెకు గుర్తుందో లేదో. గంప దగ్గరికి లాక్కుని ఒక కాయ చిట్లించింది.

"అప్పుడు నా కోడలు మేలుకోనుంటాది గదా, చంటిబిడ్డకు పాలిస్తా."