ఇంటికి వచ్చు పుస్తకము

గ్రంథాలయమునుండి పుస్తకమును తెచ్చువారొకరు, చదువువారు వేరొకరు అగుట మన కుటుంబములలో సర్వసాధారణము. వీథిలో పనియున్నవారు పోయి తెత్తురు. ఇంట నున్నవారు వచ్చినదానిని చదువుదురు. తెచ్చువారు తమకు నచ్చినదానినో, ఇంటివారికి హితమని తమకు తోచినదానినో ఎంచుదురు. ఇందు ఎవరికిని దురుద్దేశము లేదు. అయినను ఒకరి చదువును మరియొకరు నిర్ణయించుట ఎంతవరకు న్యాయము? కూరలో ఉప్పు ఎక్కువయినదని చెప్పుటకు సంకోచింపని మనము, తెచ్చిన పుస్తకము బాగుండలేదని చెప్పుటకు ఏల సంకోచింతుము? ఈ రెండు ప్రశ్నలును వేర్వేరుగా గనబడినను ఒకదానినొకటి విడిచి యుండవని మేము తలచుచున్నాము.

ముందొక లెక్క వేసి చూతము. గంటకు 30 పుటలు చదువువారికి 300 పుటల గ్రంథము పది గంటల పని. ఇంటిపనులు ముగిసి, పిల్లలు నిద్రించిన పిమ్మట దినమునకు అరగంట మాత్రము దొరకు గృహిణికి అది 20 దినముల పని. ఏడాదికి 18 గ్రంథములు. 40 ఏండ్లు ఒక్క దినమైనను మానక చదివినను 720. ఒక సామాన్యమైన పట్టణపు గ్రంథాలయములో నాలుగు బీరువాలు నిండునో లేదో! ఒక జీవితకాలపు చదువు ఇంతియే. కావున పనికిరాని పుస్తకమును తెచ్చి చేతికిచ్చినవారు, తమకు తెలియకయే, ఆమె అరగంటలు ఇరువదింటిని ఖర్చుచేసినవారగుచున్నారు. ఆ ఖర్చునకు లెక్క చెప్పుమని ఎవరును అడుగరు.

తెచ్చువారే వలదనుట మా యభిప్రాయము కాదు. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములైదింటిలో, ప్రతి పాఠకునికి తగిన గ్రంథము దొరకవలయుననునది ఒకటి, ప్రతి గ్రంథమునకును తగిన పాఠకుడు దొరకవలయుననునది మరియొకటి. ఈ రెంటిని కలుపుటకు నడుమ ఒక మనుష్యుడు కావలయును. 1935లో పాతూరి నాగభూషణము గారి పూనికతో పెదపాలెము, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. గ్రంథాలయమునకు పోజాలనివారి యొద్దకు గ్రంథాలయమే పోయిన దినములవి. అది గొప్ప సేవ. కాని ఒడ్డున నిలిచినవారికి పడవలో నున్నవే పుస్తకములు; పడవలోనికి ఎక్కనివి లోకములో లేనట్లే. పెట్టెను సర్దినవారి బుద్ధి ఎంత విశాలమో ఒడ్డుననున్నవారి గ్రంథాలయము అంత విశాలము. మన యిండ్లలో తెచ్చువారి చేతిసంచియు అట్టి పడవయే.

ఎంచుటలో విడుచుట ఇమిడియున్నది. విడుచుట ఎక్కడ నిషేధముగా మారునో కనిపెట్టుట కష్టము. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లిని నాటి మదరాసు ప్రభుత్వము నిషేధించెను. ప్రభుత్వ నిషేధమునకు ఒక ఉత్తరువు కావలయును. ఉత్తరువు కాగితముపై నుండును. దానిని ప్రశ్నింపవచ్చును, వాదింపవచ్చును, తుదకు తొలగింపజేయవచ్చును. మాలపల్లి విషయమున తుదకు అట్లే జరిగినది. ఇంటి నిషేధమునకు కాగితము లేదు. "అది మనవంటివారు చదువదగినది కాదు" అను ఒక్క మాటయో, ఆ మాటయు లేని ఒక చూపో చాలును.

చలము గారి మైదానము 1927లో వచ్చినది మొదలు దానికి మన యిండ్లలో దొరకిన స్థలము తలదిండు క్రింది స్థలమే. ఎందరు దాచి చదివిరో ఎవరు చెప్పగలరు? నిషేధించినవారు చదువు నాపగలిగిరా? లేదు. వారు ఆపినది సంభాషణను. భర్తను విడిచి అమీరుతో వెళ్లిన రాజేశ్వరి, అతని మనస్సు వేరొక పడుచుపై పోయినపుడు, అతనికొరకు ఆ పడుచును ఒప్పింపబూనును. ఇది స్వేచ్ఛయా? లేక పతివ్రతలకు విధించిన పాతధర్మమే మైదానములోనికి వచ్చి వేరొక పురుషునికి చెల్లుచున్నదా? పదునెనిమిదేండ్ల పడుచు ఈ ఘట్టమును చదివి కలతపడినచో ఎవరి నడుగవలయును? తల్లి నడిగినచో చదివితినని ఒప్పుకొన్నట్లగును. అడుగదు. పుస్తకము చెప్పినదే తుది తీర్పుగా ఆమె మనస్సులో నిలిచిపోవును, లేదా పుస్తకముపై అర్థములేని భయము నిలిచిపోవును. ఆ గ్రంథము చెడ్డదని నమ్మిన పెద్దలు సైతము, అది ఏల చెడ్డదో చెప్పుటకు తమకున్న ఒక్క అవకాశమును తామే పోగొట్టుకొనుచున్నారు. దాచి చదివిన పుస్తకమునకు ఎదురు చెప్పువారుండరు గదా!

పిల్లల మాటేమని మీరడుగవచ్చును. పదేండ్ల బాలునికి పెద్దల యెంపిక కొంత అవసరమే. రెండు పుస్తకములు తెచ్చుకొను వీలున్నచోట ఒకటి వాని యిష్టము, ఒకటి మన యిష్టము అనుకొన్న చాలును. వాని పుస్తకమును మనమును చదువవలయును. ఇది మాత్రము పెద్దలకు కొంచెము కష్టము.

మాటలాడుటలో మరియొక దోషము కలదు. చదువనిదానిని చదివినట్లు మెచ్చుట. గురజాడవారి కన్యాశుల్కము 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంపొంది క్రొత్తరూపున వెలువడినది. గిరీశము మాటలను పదిమందిలో ఒప్పజెప్పి నవ్వించువారిని మీరు చదివినది ఏ కూర్పు అని అడిగినచో, కూర్పులు రెండున్నవా అని ఆశ్చర్యపడుదురు. 1955 నాటి చలనచిత్రమును చూచి నాటకమును చదివితిమనుకొనువారును గలరు. ఇది నిరపాయమైన అబద్ధమని తోచును. కాని క్రొత్తగా చదువ మొదలిడిన యొక గృహిణి, అందరు మెచ్చిన గ్రంథమును తెరచి, దాని నాటి పలుకుబడి తెలియక ఇరువది పుటలకే అలసినదనుకొనుడు. ఆ మెచ్చినవారిలో సగముమంది ఆ ఇరువది పుటలను దాటలేదని ఆమెకు తెలియదు. లోపము తన బుద్ధిలోనే యున్నదని తలచి పుస్తకమును మూయును. ఒక్కొక్కప్పుడు అన్ని పుస్తకములను మూయును. "నేను మూడవ అంకము నొద్ద ఆపితిని, ఇందుచేత ఆపితిని" అని నిజము చెప్పినవారు ఆమెకు ఎంతో మేలు చేసియుందురు.

బాగున్నది, బాగులేదు అను రెండు మాటలతో ముగియు సంభాషణవలన ప్రయోజనము స్వల్పము. వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రమునకు గోల్డుస్మిత్తు నవల ఆధారమని చెప్పి ముగించువారు పండితులే కావచ్చును. అందు బైరాగి యొకడు స్వర్ణయోగము తెలియునని నమ్మించి రాజశేఖరుని బంగారమును అపహరించిన కథను చదివి, చేతిఫోనులో వచ్చిన సందేశమును నమ్మి కూడబెట్టిన సొమ్మును పోగొట్టుకొన్న తమ బంధువును తలచుకొని, "చదువుకొన్నవాడే, ఏల నమ్మెను?" అని భోజనపు వేళ అడిగినవారు మాకు ఎక్కువ ఇష్టులు. ఆ ప్రశ్న విన్నవారిలో ఒకరైనను ఆ పుస్తకమును చేతికి తీసికొందురు.

మన గ్రంథాలయములు ఎవరి దానధర్మములును కావు. మన రెండు రాష్ట్రములలోను ఆస్తిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు పన్నుగా చేరుచున్నది. నేడు అక్కడి బల్లలన్నియు పోటీపరీక్షలకు చదువు యువకులతో నిండియున్నవి. అది తప్పు కాదు. ఇంట ప్రశాంతముగా కూర్చుండ చోటులేనివారు ఎక్కడికి పోదురు? కాని వారి వెనుకనున్న బీరువాల తాళములు ఎన్ని దినముల కొకసారి తెరవబడుచున్నవి? పన్ను కట్టు కుటుంబములు ఫలానా పుస్తకము కావలయునని అడుగనిచో, కొనువారు తమకు తోచినవే కొందురు. ఇంటిలో అడుగుట నేర్వనివారు అక్కడ అడుగుదురా?

కావున తెచ్చువారు పుస్తకమును తిరిగి యిచ్చుటకు బయలుదేరునపుడు ఎంతవరకు చదివితిరని అడుగవలయును, నొచ్చుకొనక వినవలయును. వీలయినచో చదువువారినే వెంటబెట్టుకొని పోవలయును. ఆమె మొదటి దినమున బీరువాలముందు అరగంట నిలిచి, నాలుగైదు పుస్తకములను తీసి, మరల అక్కడనే యుంచి, వట్టిచేతులతో తిరిగి రావచ్చును. ఏండ్లతరబడి ఇతరులెంచినదే చదివినవారికి తమకేమి కావలయునో తెలియుటకు కొంత కాలము పట్టును. అప్పుడు "ఇదిగో, ఇది తీసికొమ్ము" అని ఆతురపడి చేయి చాపకుండవలయును. మరుసటి వారము మరల పిలువవలయును.