ఆపద్ధర్మానికి హద్దు ఎక్కడ? రావి నారాయణరెడ్డి ముందున్న ప్రశ్న

అన్యాయాన్ని ఎదిరించడానికి ఆయుధం పట్టవచ్చునా అన్న ప్రశ్నకు పూర్వుల ధర్మచర్చల్లోనూ, ఆధునిక రాజనీతిలోనూ జవాబులు చాలానే దొరుకుతాయి గాని, పట్టిన ఆయుధాన్ని ఎప్పుడు దించాలన్న ప్రశ్నకు దొరికేవి తక్కువ. భువనగిరి సమీపంలోని బొల్లేపల్లిలో 1908లో భూస్వాముల ఇంట పుట్టి, తెలంగాణ రైతాంగ పోరాటానికి ముఖ్య నాయకుల్లో ఒకడైన రావి నారాయణరెడ్డిని జీవితాంతం వెంటాడింది ఈ రెండో ప్రశ్నే.

ఆయన హింసను నమ్మి ప్రజాజీవితంలోకి వచ్చినవాడు కాదు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, హైదరాబాద్ సంస్థానంలో హరిజన సేవక సంఘంలో పనిచేసి, తన భూమిలో కొంత పేదలకు పంచినవాడు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి మహాసభ జరుపుకున్న ఆంధ్రమహాసభకు ఆయన 1941లో చిలుకూరులోనూ, 1944లో భువనగిరిలోనూ అధ్యక్షత వహించాడు. అంతవరకు ప్రధానంగా భాష, చదువు, పరిపాలనా సంస్కరణల గురించి మాట్లాడిన ఆ సంస్థ పల్లెల్లో 'సంగం'గా మారి, వెట్టిచాకిరీని, అంటే కూలి ఇవ్వకుండా దొరలు చేయించుకునే పనిని, బేదఖళ్లను, అంటే సాగుచేసుకుంటున్న రైతును భూమి నుంచి వెళ్లగొట్టడాన్ని నిలదీసింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం విడిచే నాటికి జనం చేతుల్లో ఉన్నవి ప్రధానంగా గుత్పలు, వడిసెలలు. బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి నారాయణరెడ్డి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది 1947 సెప్టెంబరు 11న. అప్పటికి నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దాడులు పెరుగుతున్నాయి, దొర కోటలాంటి ఇల్లయిన గడిమీద ఫిర్యాదు చేయడానికి గడికి లోబడని కచేరీ పల్లె మనిషికి అందుబాటులో లేదు.

ఇటువంటి స్థితిని మహాభారత శాంతిపర్వం ఆపద్ధర్మం అంటుంది. మామూలు కాలంలో తప్పయిన పని, బతికే దారి మరొకటి లేనప్పుడు తప్పు కాకుండాపోవడం దాని అర్థం. ఘోరమైన కరువులో విశ్వామిత్రుడు కుక్కమాంసానికి సిద్ధపడిన కథను భీష్ముడు ధర్మరాజుకు చెప్పింది ఈ సందర్భంలోనే. అయితే ఆ కథ ఇచ్చే అనుమతి కరువు ఉన్నంతవరకే. వానలు కురిసి గాదెలు నిండిన తరువాత అదే పని చేసేవాడికి అది అండగా నిలవదు. మార్క్సిస్టు అయిన నారాయణరెడ్డి ఈ పరిభాష వాడకపోయినా, 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన కూలిన తరువాత సాయుధ పోరాటాన్ని ఆపాలని ఆయన చేసిన వాదన ఈ తర్కానికి చాలా దగ్గరగా ఉంటుంది. నిజాంకు ఎదురు నిలిచిన తుపాకీకి జనమంతా ఇచ్చిన సమ్మతి, నెహ్రూ ప్రభుత్వానికి ఎదురు నిలిచే తుపాకీకి దొరకదని ఆయన గుర్తించాడు.

ఎదుటి పక్షం వాదన కూడా తేలికైనది కాదు. సైన్యం వెనుకే, పారిపోయిన దొరలు ఊళ్లకు తిరిగివచ్చి, సంగం పంచిన భూముల్ని మళ్లీ ఆక్రమించబోయారు. కమ్యూనిస్టు పార్టీ లెక్క ప్రకారం మూడు వేల గ్రామాల్లో పంచిన భూమి పది లక్షల ఎకరాలు. ఆ భూమిలో అప్పుడే నాగలి దింపిన కూలీకి ఆపద తీరిందని ఎవరు చెప్పగలరు? పోరాటాన్ని విరమించడానికి ఒప్పుకోని భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటివారి పట్టుదలకు మూలం ఇదే. రాజ్యం మారడం వేరు, దున్నేవాడి ఆపద తీరడం వేరు అన్న ఆ మాటలో నిజం ఉంది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం రావడానికి ఆ ఒత్తిడీ ఒక కారణమని ఒప్పుకోవాలి.

1951 ఏప్రిల్ 18న, ఇంకా పోరు ఆగకముందే, భువనగిరికి దూరం కాని పోచంపల్లిలో వినోబా భావే అడగగా వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇచ్చాడు. భూదానం పుట్టిన ఆ ఘట్టం గొప్పదే. కాని దానం ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడుతుంది. సంగం అడిగింది హక్కు. సొంత భూమిని పంచిన నారాయణరెడ్డే భూపంపకాన్ని ఉద్యమంగా నడపవలసి వచ్చిందంటే, దానం ఎంతవరకు చాలదో ఆయనకు అనుభవంలో తెలిసిందన్నమాట.

1951 అక్టోబరు 21న పార్టీ పోరాటాన్ని విరమించింది. కొన్ని నెలలకే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో నారాయణరెడ్డి ప్రజాస్వామ్య కూటమి అయిన పీడీఎఫ్ తరఫున నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు. తుపాకీ దించినందుకే జనం ఆయనను మెచ్చారని దీన్ని చదవడం సరికాదు, ఎందుకంటే ఆ ఓటర్లు పోరాటాన్ని తప్పుపట్టినవారు కారు. తమ మాట చెల్లించుకోవడానికి మరో దారి తెరుచుకోగానే ఆ దారిన నడిచినవారు. ఆపద్ధర్మానికి హద్దు ఇక్కడే కనిపిస్తుంది: బాధ పూర్తిగా తీరేవరకు కాదు, బాధను తీర్చుకునే శాంతియుత మార్గం నిజంగా చేతికి అందేవరకు.

ఈ కొలతతో చూస్తే ఆయుధం దించాలన్న నారాయణరెడ్డి మాట సరైనదే. అయితే దించేటప్పుడు, పంచిన భూమి సాగుదారు చేతిలోనే నిలిచేలా గట్టి హామీ రాబట్టలేకపోవడం పెద్ద లోపం. దాని భారం ఆయన ఒక్కడిది కాదు, విరమణను కోరినవారిదీ, అడ్డుకున్నవారిదీ, అన్నిటికంటే ఎక్కువగా ఆనాటి ప్రభుత్వానిదీ.