గాజుపెట్టెలోని సాలీడు

మన మొక ప్రాణిని ప్రేమించుచున్నామని చెప్పుకొనునప్పుడు, ఆ ప్రేమకు బదులుగా దానినుండి ఏమి కోరుచున్నామో విచారించుకొనుట యరుదు. కుక్క తోక యాడించును, చిలుక పలుకును, ఆవు పాలిచ్చును. కావుననే వానిని సాకుట మనకు కష్టముగా తోచదు. ఏమియు నియ్యక, మనలను గుర్తింపక, పగలంతయు కదలక కూర్చుండు ప్రాణిని సాకవలసి వచ్చినప్పుడే మన ప్రేమ యెట్టిదో తేలును.

ఈ తలంపు నాకు గ్రంథములవలన గలిగినది కాదు. అమెరికాలో నుద్యోగము చేయుచున్న నా మేనల్లుని యింటికి పోయినప్పుడు అతని గదిలో నిలువుగా నున్న గాజుపెట్టె నొకదానిని చూచితిని. అందు చెట్టుబెరడు ముక్కయు, కొంత మన్నును, నీటిగిన్నెయు తప్ప నాకేమియు కనబడలేదు. "దీనిలో మన గుత్తి సాలీడున్నది, మామయ్యా!" అని అతడు గర్వముతో చెప్పెను. "ఏదీ, చూపుము" అంటిని. అతడు బెరడు నెత్తెను. అరచేయంత ప్రాణి, నీలమణివలె మెరయుచున్నది, వెలుతురు సోకగానే రెప్పపాటులో పెట్టె మూలకు పరుగిడి నక్కెను. బెరడు వెనుక అది నేసికొన్న తెల్లని గూడు చినిగి వ్రేలాడుచుండెను. "నెలల తరబడి యిది కదలనే కదలదు. చూడవచ్చినవారి కెల్ల ఇట్లు లేపి చూపవలసి వచ్చుచున్నది" అని అతడు విసుగుకొనెను. ఆ దినమున గూటిని చింపినది అతని చేయి మాత్రమే కాదు, నా కుతూహలము కూడ నని తోచి నేను సిగ్గుపడితిని.

టరాంటులా యను పేరు ఇటలీలోని టరాంటో పట్టణమువలన వచ్చినది. మొదట అచ్చటి వేరొక జాతి సాలీటికి చెల్లిన యీ పేరు పిదప రోమములతో నిండిన ఈ పెద్ద సాలీళ్లకు స్థిరపడినది. ఇవి మన యింటి మూలల సాలీళ్లవలె గాలిలో వల పన్ని ఈగలను పట్టవు. కొన్ని నేలలో బొరియ త్రవ్వుకొనును. గుత్తి సాలీడు ముసలి చెట్ల తొఱ్ఱలలో కాపురముండును. వీనికి దారము వలకంటె ఇంటికే ఎక్కువ యవసరము. గోడలు రాలకుండ లోపల పూతవలె పఱచుకొనును. గుడ్లను దానితోనే చుట్టి కాపాడుకొనును. వాకిట పఱచిన దారముపై పురుగు కాలు మోపినచో, ఆ యదురు లోపల కూర్చున్న సాలీటి కాళ్లకు తెలియును. చూపు మందమైన ఆ ప్రాణికి ఆ దారములే కన్నులు. మనము చేతితో తుడిచివేయునది బూజు కాదు, దాని యింద్రియములలో నొకటి.

ఇక కదలకుండుట సోమరితనమా? ఇవి రాత్రించరములు. మనము దీప మార్పి నిద్రించిన పిమ్మట వాని దినము మొదలగును. ఆహారము లేకయే నెలలు గడపగలవు. కొన్ని జాతులలో ఆడుసాలీళ్లు ఇరువదేండ్లకు పైగా జీవించును. అంత దీర్ఘమైన యాయువు అనవసరపు పరుగులతో గడచునది కాదు. కుబుసము విడుచుటకు ముందు తిండి మానును. దారముతో చాప నేసికొని దానిపై వెల్లకిల పరుండును. తెలియనివారు చచ్చినదనుకొని కదలింతురు. నిజమున కది క్రొత్త యొడలు దాల్చుచున్న సమయము. అప్పుడు కదలించుట ప్రాణాపాయము.

వెనిజులాలోని పరాగ్వానా ద్వీపకల్పమున నుండు ఒక జాతి గాజుపెట్టె నంతయు దారముతో నింపివేయును. దానిని "పనిమంతురాలు" అని మెచ్చుకొనువారు, గూడు పైకి కనబడనీయని జాతిని "పనికిమాలినది" అందురు. రెండును తమతమ నేలకు తగినట్లు బ్రతుకుచున్నవి. పొగడ్తయు నిందయు చూచువాని యాశనుండి పుట్టినవే.

"పెట్టెలోనే పుట్టిన ప్రాణి కదా, ఆకలి లేదు, శత్రుభయము లేదు, దానికి మనము చేసిన కీడేమి?" అని యడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. పెట్టె యుండుట మాత్రమే పాపమని నే ననను. కాని ఆశ్రయ మిచ్చినవాడు ప్రదర్శనమును బాకీగా వసూలు చేయుట న్యాయము కాదు. అన్నము పెట్టినంతమాత్రమున నిద్ర చెఱచు హక్కు రాదు.

అంతకంటె పెద్ద ఋణ మొకటి కలదు. ఈ నీల సాలీటిని గుత్తిలో దొరికిన యొక ప్రాణినిబట్టి 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. అది కలపతో రైలులో నచ్చటికి వచ్చియుండునని విద్వాంసుల యూహ. పిమ్మట నూటరెండేండ్లు శాస్త్రజ్ఞుల కంటబడక, 2001లో నంద్యాల గిద్దలూరుల నడుమ నడవిలో మరల కనబడెను. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అత్యంతాపాయ స్థితిలో నున్నదిగా పేర్కొనెను. 2019లో ఈ జాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారమునకు నిబంధన లేర్పడెను. దూరదేశపు గదులలో ముద్దుపేరుతో పెరుగు ప్రాణి తన పుట్టినచోట నిలువ నీడ కోల్పోవుచున్నది. పరదేశీయుల యభిరుచినే నిందించి లాభము లేదు. వంటచెఱకునకు తొఱ్ఱచెట్లను నఱకునది మన చేతులే.

పట్టి తెచ్చుకొనక తెలిసికొనుట సాధ్యమా? ఆస్ట్రేలియాలో బార్బరా మెయిన్ అను విదుషీమణి 1974 మొదలుకొని తలుపుగూటి సాలీళ్లను వాని బొరియలయొద్దనే పరిశీలించెను. వీనికి దూరపు చుట్టమైన ఆ జాతిలో పదునాఱవ సంఖ్య గల యొకటి 43 ఏండ్లు జీవించి 2016లో మరణించెను. అంతకాలమును అది తన బొరియలోనే యుండెను. తెలిసికొనగోరినవారే దాని వాకిటికి పోయిరి. ఇట్టి జిజ్ఞాసకు గౌరవమను పేరు తగును.

మన యిండ్లలోను ఈ న్యాయము వర్తించును. పదిమందిలో పద్యము చదువని పిల్లవానిని మందుడందుము. క్షణమేకాంతముగా కూర్చున్న కోడలికి పొగరందుము. వారు లోలోపల నేమి నేసికొనుచున్నారో యెఱుగకయే బెరడు నెత్తి చూతుము.

నేను బయలుదేరునాటి ఉదయమున ఆ గాజుపెట్టెను మరల చూచితిని. బెరడు యథాస్థానమున నుండెను. దాని యంచున క్రొత్త దారము సన్నగా మెరయుచుండెను. నా మేనల్లుడు చేయి చాపబోయి నా మొగము చూచి మానెను. ఇరువురమును ఆ దారమునే కొంతసేపు చూచి, సాలీటిని చూడకయే గది వెడలితిమి.