పేరును స్వాస్థ్యమును

ఆడబిడ్డ పుట్టిన యింట మొదట పుట్టు చర్చ పేరును గూర్చినదే. నాయనమ్మ పేరు పెట్టవలెనని తండ్రి కోరును. బడిలో తోటిపిల్లలు నవ్వుదురేమో యని తల్లి సంశయించును. కరుణమ్మ, సంతోషమ్మ, కృపమ్మ, సువార్తమ్మ, దీనమ్మ, రాహేలమ్మ, ఎస్తేరమ్మ అను పేర్లు ఒకనాడు తెలుగు సంఘముల పట్టికలలో నిండియుండెను. ఇప్పుడవి ఎక్కువగా సమాధిరాళ్లమీదనే కానవచ్చుచున్నవి. వాటిలో కొన్నిటిని పసిబిడ్డలకు తిరిగి పెట్టవలెనను కోరిక అక్కడక్కడ వినబడుచున్నది. కోరిక మంచిదే. అయితే ప్రాతదైనంత మాత్రమున పేరు యోగ్యమగునా? ఏ పేరు తిరిగి పిలువదగినది? ఆ పేరు పెట్టినవారు ఆ బిడ్డకు ఏమి ఋణపడుదురు?

ఈ పేర్లలో రెండు పాయలున్నవి. రూతు, మార్త, రాహేలు వంటివి పరిశుద్ధ గ్రంథమునుండి వచ్చినవి. కరుణ, కృప, సంతోషము వంటివి తెలుగు మాటలలోనుండి పుట్టినవి. రెంటికిని తెలుగువారు ‘అమ్మ’ అను మాటను జతచేసిరి. ఆ జత చిన్నది కాదు. అనేక గ్రామములలో కూలికిపోవు స్త్రీని ఆసామి పేరు విరిచి, ‘ఒసే’ యని పిలుచుట వాడుకయై యుండెను. తల నెరసిన తరువాతనైనను ఆమెకు గౌరవపు మాట దక్కకుండెను. ఆమెయే ఆదివారమున ఆలయములో మార్తమ్మగా పిలువబడెను. బాప్తిస్మపు పట్టికలో ఆ పేరు విరుగక, పూర్తిగా వ్రాయబడెను. మనుమరాలికి ఆ పేరు పెట్టువారు ఈ సంగతి ఎరిగి పెట్టుట మేలు. ‘అమ్మ’ మోటుగా నున్నదని తీసివేయువారును తాము ఏమి తీసివేయుచున్నారో ఎరుగవలెను.

ప్రాత పేర్లన్నియు ఇట్టివి కావు. పుట్టిన బిడ్డలు దక్కని యింట, దిష్టి తగులకుండునట్లు బిడ్డకు పెంటమ్మ అని పేరు పెట్టుట తెలుగునాట ఉండెడి ఆచారము. అందులో భయమున్నది, ఆ భయము వెనుక ప్రేమయు ఉన్నది. మహారాష్ట్రలో కొందరు కుమార్తెలకు పెట్టబడిన ‘నకుశా’ అను పేరులో ఆ ప్రేమయైనను లేదు. అక్కరలేనిది అని దాని అర్థము. 2011 అక్టోబరులో సాతారా జిల్లాలో అట్టి పేరుగల 285 మంది బాలికలకు అధికారులు సభచేసి క్రొత్త పేర్లిచ్చిరి. నయోమి తన దుఃఖములో తన్ను మారా యని పిలువుడని బేత్లెహేము స్త్రీలను కోరెను (రూతు 1:20). గ్రంథకర్త అటుపిమ్మట ఒక్కసారియైనను ఆమెను మారా యని పిలువలేదు. కడపట ఆమె పొరుగు స్త్రీలును నయోమి యనియే పలికిరి. చేదును పేరుగా మోయవలసిన పని ఎవరికిని లేదు.

దీనమ్మ అను పేరు మరియొక విధముగా ఆలోచింపజేయును. తెలుగు చెవికి అది దీనత్వముగా, అణకువగా వినబడును. హెబ్రీలో దీనా అను మాట తీర్పు, న్యాయము అను అర్థముగల ధాతువునకు చెందినది. యాకోబు కుమార్తెయైన దీనాకు జరిగిన అన్యాయమును గూర్చి తండ్రియు సహోదరులును మాటలాడిరి. ఆదికాండము 34వ అధ్యాయములో ఆమె పలికిన మాట ఒక్కటియు లేదు. దీనమ్మ అను పేరు తిరిగి పెట్టదగినదే. అయితే అణకువ నేర్పుటకు మాత్రమే దానిని పెట్టినయెడల సగము అర్థమునే పెట్టినట్లగును. ఆ బిడ్డ నోరు తెరచి న్యాయమడిగినప్పుడు వినువారు ఆ యింట ఉండవలెను.

యోబు తన శ్రమల పిమ్మట ఏడుగురు కుమారులను ముగ్గురు కుమార్తెలను పొందెను. కుమారుల పేర్లు వ్రాయబడలేదు. కుమార్తెల పేర్లు వ్రాయబడెను: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు (యోబు 42:14). మొదటి పేరునకు పావురమనియు, రెండవదానికి లవంగిపట్ట యనియు, మూడవదానికి కాటుక భరిణె యనియు పండితులు అర్థము చెప్పుదురు. అంత వేదన ననుభవించిన తండ్రి ఆ వేదనను బిడ్డల పేర్లలో ఉంచలేదు. అంతటితో ఆగక, వారి సహోదరులతోపాటు వారికిని స్వాస్థ్యమిచ్చెనని తరువాతి వచనము తెలుపుచున్నది. సెలోపెహాదు కుమార్తెలైన మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనువారు తండ్రి పేరు నిలుచుటకై భూమిలో పాలడిగిరి. వారు అడిగినది న్యాయమని దేవుడే తీర్చెను (సంఖ్యా 27:1–7). ఆ అయిదు పేర్లును పరిశుద్ధ గ్రంథములో నాలుగు చోట్ల వ్రాయబడియున్నవి.

లేఖనము జతపరచిన పేరును స్వాస్థ్యమును క్రైస్తవ గృహములు పలుమారు వేరుచేసినవి. తిరువాన్కూరులో 1916 నాటి క్రైస్తవ వారసత్వ చట్టము, తండ్రి వీలునామా లేక మరణించినయెడల, కుమార్తెకు కుమారుని పాలులో నాలుగవ వంతు లేక 5,000 రూపాయలు, ఏది తక్కువైన అదే ఇచ్చుచుండెను. ఆ కుమార్తెలలో మరియలును సారాలును ఎందరో ఉండిరి. మేరీ రాయ్ సుప్రీంకోర్టు నాశ్రయింపగా, అచ్చటి క్రైస్తవులకును 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తించునని 1986లో తీర్పు వచ్చెను. ఆ చట్టము కుమారునికిని కుమార్తెకును సమభాగమిచ్చును. తెలుగు క్రైస్తవులకును వర్తించునది ఆ చట్టమే. అయినను పెండ్లి ఖర్చు లెక్కచెప్పి, కుమార్తెచేత హక్కు వదులుకొను పత్రముమీద సంతకము చేయించు ఇండ్లు లేకపోలేదు. ఆమె అచ్చట వ్రాయు పేరు కృపమ్మ కావచ్చును.

కాబట్టి బిడ్డ రాకను గూర్చిన సంతోషము ఏ ప్రాత పేరులో ఉన్నదో అది తిరిగి పెట్టదగిన పేరు. నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టబోవు దినమున, ఆ నాయనమ్మకు దక్కనిదేదో ఇంటివారు కూర్చుండి జ్ఞాపకము చేసికొందురు గాక. అది చదువై యుండవచ్చును, పొలములో పాలై యుండవచ్చును, పెద్దల సభలో మాటలాడు చోటై యుండవచ్చును. దానిని ఈ బిడ్డకు ఇచ్చెదమని దేవుని యెదుట తీర్మానించుకొని, పిమ్మట పేరు పెట్టుదురు గాక. అప్పుడు సంతోషమ్మా యని పిలిచిన ప్రతిసారియు ఆ తీర్మానము ఇంటివారికి జ్ఞాపకము వచ్చును.